గేమ్‌లో సౌండ్ టపటపమంటా మౌస్ కూడా ఆగిపోతా ఉంటే బోర్డు మార్చాల్సిందేనా?

చూడు తమ్ముడూ, నువ్వు రాసింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్తా. తిరుపతి కొర్లగుంటలో మేడ మీద రూము, రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు ఫ్రెండ్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకునింది, ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, విండోస్ 11. గేమ్ ఆడతా ఉంటే యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో టపటప చప్పుడు, ఒక్కోసారి ఉన్నట్టుండి మౌస్ యాడిదాడ ఆగిపోతాది, కీబోర్డులో కొన్ని కీలు పడవు, సాయంత్రం పూట ఎక్కువ, క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటాది. విండోస్ మళ్లీ ఎక్కించినా అదే కథ, షాపులో చూపిస్తే బోర్డు పోయింది మార్చాల అన్నారు. అంతే గదా.

బోర్డుకు ఇప్పుడే డబ్బులు పెట్టొద్దు. నువ్వు ఇదంతా ఒకటే రోగం అనుకుంటా ఉండావు, షాపాయన కూడా అట్లే అనుకున్నాడు, నాకైతే ఇందులో రెండు మూడు వేరే వేరే రోగాలు కలిసిపోయినట్టు కనిపిస్తా ఉంది. వాటిని విడదీయకుండా ఏది మార్చినా ఒకటి పోతాది ఇంకోటి ఉంటాది, అప్పుడు మళ్లీ ఏదో మార్చాల అంటారు. విడదీసేదానికి పెద్ద సామాన్లు అక్కర్లేదు, ఒక పేపరు పెన్ను చాలు. సౌండ్ పగిలిన క్షణంలోనే మౌస్ ఆగిందా, లేకుంటే రెండూ వేరే వేరే టైములో జరిగినాయా, స్క్రీన్ మీద బొమ్మ కూడా ఆగిందా, విండోస్ డివైస్ ఊడిపోయినప్పుడు టుడుంగ్ అని కొడతాది చూడు, ఆ చప్పుడు వచ్చిందా. ఈ నాలుగూ రెండు రోజులు రాసుకో. స్పెసిఫికేషన్ల లిస్టు కంటే ఇదే నాకు ఎక్కువ పనికొస్తాది.

ఎందుకంటే ఇట్ల. టుడుంగ్ అని వచ్చి, హెడ్‌సెట్టూ మౌసూ రెండూ ఒకేసారి పోయి, స్క్రీన్ మీద గేమ్ మాత్రం నడస్తానే ఉంటే అది యూఎస్‌బీ కనెక్షన్ తెగి మళ్లీ కలవడం. టుడుంగ్ లేకుండా, బొమ్మ, సౌండు, మౌసు మూడూ కలిసి బిగుసుకుపోయి మళ్లీ కదిలితే అది మిషనంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టడం, దానికీ యూఎస్‌బీ పోర్టుకూ సంబంధం లేదు. మౌస్ బాగానే ఉండి సౌండ్ మాత్రం చిటపటమంటే డ్రైవరో, ప్రాసెసర్ మీద లోడో, ఆడియో సెట్టింగో. గేమ్ ఆడినా ఆడకపోయినా సన్నగా గుయ్‌మని శబ్దం, మౌస్ కదిపితే ఆ గుయ్ మారతా ఉంటే అది కరెంటు వైపు, ఎర్త్ వైపు. అదే శబ్దం ఒక్క ముందు జాక్‌లోనే వచ్చి వెనక జాక్‌లో రాకపోతే ముందు ప్యానెల్ ఆడియో వైరు గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి పోతా ఉంటాది చూడు, అది కార్డు శబ్దాన్ని పీల్చుకుంటా ఉండాది, వైరును రవ్వంత దూరంగా తిప్పితే సరి, లేకుంటే ముందు జాక్ వాడేది మానుకో. నీది యూఎస్‌బీ హెడ్‌సెట్ కాబట్టి ఇది నీకు కాదులే, స్పీకర్లు పెట్టుకున్నోళ్లకి పనికొస్తాదని చెప్పినా.

నువ్వు రాసింది బట్టి నాకు ఎక్కువ అనుమానం మొదటి రెండు రకాల మీద.

యూఎస్‌బీ సంగతి ముందు. నీ హెడ్‌సెట్, వైర్‌లెస్ మౌస్ సిగ్నల్ పట్టే చిన్న యూఎస్‌బీ డాంగిల్ రెండూ క్యాబినెట్ ముందు పోర్టుల్లోనే పెట్టినా అన్నావు. ముందు పోర్టులు అంటే బోర్డు నుంచి ఒక సన్నటి వైరు మీద ముందుకొచ్చేవి, తక్కువ రేటు క్యాబినెట్లలో ఆ వైరు క్వాలిటీ చెప్పుకోదగ్గది కాదు. ఈ రోజే రెండూ తీసి వెనకాల బోర్డుకే నేరుగా ఉండే పోర్టుల్లో పెట్టు, అది కూడా పక్కపక్కన కాకుండా. కీబోర్డు, మౌస్ నల్ల పోర్టుల్లో, అంటే యూఎస్‌బీ 2.0లో పెట్టు. నీలం పోర్టు, అంటే యూఎస్‌బీ 3.0, ఫాస్ట్ గదా అని మౌస్‌ని దాంట్లో పెడతారు, మౌస్‌కి ఆ స్పీడుతో పనేం లేదు, పైగా నష్టముంది. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు దాని నుంచి వచ్చే రేడియో శబ్దం 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పడతాది, ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద పేపరు రాసినారు. నీ వైర్‌లెస్ మౌస్ నడిచేది అదే 2.4లో. డాంగిల్ పక్కనే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు నీలం పోర్టులో పెట్టి గేమ్ దాంట్లోనుంచి లోడ్ చేస్తా ఉంటే మౌస్ తడబడక ఏం చేస్తాది. ఒక చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకొని డాంగిల్‌ని మౌస్‌ప్యాడ్ పక్కకి తెచ్చి పెట్టు, ఎంత తేడానో నీకే తెలుస్తాది. సాయంత్రం ఎక్కువ అనేదానికి కూడా ఇది ఒక కారణం కావచ్చు, కొర్లగుంట లాంటి చోట గోడకు గోడ ఇళ్లు, సాయంత్రమైతే అందరి వైఫైలూ ఒకేసారి నడస్తాయి, అవన్నీ ఎక్కువగా ఆ 2.4లోనే ఉంటాయి.

వెనక పోర్టుల్లో పెట్టినా టుడుంగ్ టుడుంగ్ ఆగకపోతే అప్పుడు బయాస్, అంటే విండోస్ కంటే ముందు బోర్డును లేపే సాఫ్ట్‌వేర్, అది చూడాల. నీ బోర్డు సెకండ్ హ్యాండ్ది, ఆ ఫ్రెండ్ కొన్నప్పటి బయాసే ఇంకా ఉండాదని నా అనుమానం. ఏఎండీ 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల్లో యూఎస్‌బీ మధ్యమధ్యలో ఊడిపోతా ఉంది అని 2021 ఫిబ్రవరిలో కంపెనీనే ఒప్పుకునింది, బయాస్ లోపల కలిపేదానికి అజీసా 1.2.0.2 అని ఏఎండీ వాళ్లే కొత్త కోడ్ ఇచ్చినారు, ఆ ఏప్రిల్ నుంచి బోర్డు కంపెనీలు అది కలిపిన బయాస్‌లు బయటికి వదిలినాయి. నీది బీ550, సరిగ్గా ఆ 500 సిరీసే. అది అయినాక ఇంకోటి వచ్చింది. ప్రాసెసర్ లోపలుండే ఎఫ్‌టీపీఎం అనే సెక్యూరిటీ భాగం బోర్డు మీద బయాస్ ఉండే ఫ్లాష్ చిప్‌తో మాట్లాడేటప్పుడు ఒక్కోసారి ఎక్కువసేపు పట్టి మిషనంతా కాసేపు బిగుసుకుపోతా ఉండె, సౌండ్ పగిలి, మౌస్ ఆగి, బొమ్మ ఆగి. ఇది కూడా 2022 మార్చిలో ఏఎండీ చెప్పింది, అజీసా 1.2.0.7తో సరిచేసింది, మే నుంచి బయాస్‌లు వచ్చినాయి. విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా ఈ రెండూ పోవు, ఎందుకంటే తప్పు విండోస్‌లో లేదు. నువ్వు విండోస్ మార్చినా అదే కథ అన్నావు చూడు, నాకు బయాస్ మీద అనుమానం వచ్చింది ఆడే.

విండోస్ సెర్చ్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని కొట్టు, బయాస్ వెర్షన్, తేదీ రెండూ కనిపిస్తాయి. 2022 మధ్యకంటే పాతదైతే అప్‌డేట్ చెయ్యి. చేసే ముందు మూడు మాటలు విను. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకో, బయాస్ మారిస్తే ఎఫ్‌టీపీఎం రీసెట్ అయ్యి ఆ కీ అడగొచ్చు, అప్పుడు లేదంటే డేటా అంతా లోపలే ఉండిపోతాది. ఫైలు నీ బోర్డు మోడల్‌కి, దాని రివిజన్‌కి సరిగ్గా సరిపోయేది కంపెనీ సైటు నుంచే తీసుకో. కరెంటు పొయ్యే టైములో చెయ్యొద్దు, గాలివాన వచ్చేటట్టు మబ్బు పట్టి ఉంటే ఆ రోజు వదిలేయ్, రాసేటప్పుడు మధ్యలో కరెంటు పోతే అప్పుడు నిజంగానే షాపాయన చెప్పింది జరగతాది.

ఎఫ్‌టీపీఎం ఆపేస్తే పోలా అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు ఉండారు. ఆగిపోతాది నిజమే, కాకుంటే విండోస్ 11లో వాలరంట్ గేమ్ ఓపెన్ కాదు, దానికి టీపీఎం 2.0 (ఎఫ్‌టీపీఎం ఇచ్చేది అదే), సెక్యూర్ బూట్ రెండూ కావాల. నువ్వు ఆడేదే అది. కాబట్టి బయాసే దారి.

ఇప్పుడు రెండో సంగతి, డ్రైవర్లు. ఇది రవ్వంత అర్థం చేసుకుంటే ఇకమీద ఏ మిషన్ వచ్చినా నువ్వే చూసుకోగలవు. విండోస్‌లో సౌండ్ ఒకేసారి పోదు, మామూలుగా 10 మిల్లీ సెకన్లకు సరిపడా ముక్కలు ముక్కలుగా పోతాది, 48000 హెర్ట్జ్ అయితే ముక్కకు 480 శాంపిళ్లు. ఒక ముక్క వినిపించేలోపల తర్వాతి ముక్క రెడీ కావాల, కాకపోతే మధ్యలో ఖాళీ వస్తాది, నీకు టప్ అని వినపడేది ఆ ఖాళీనే. మరి ఎందుకు రెడీ కాదు అంటే, గేమూ సౌండ్ ప్రోగ్రామూ అన్నీ సర్వదర్శనం క్యూలో నిలబడ్డోళ్లు, హార్డ్‌వేర్ డ్రైవర్లు వచ్చేది వీఐపీ బ్రేక్‌లో. వాళ్లు లోపల ఉన్నంతసేపు మన క్యూ కదలదు. మంచి డ్రైవర్ గబుక్కున వచ్చి గబుక్కున పోతాది, పాడు డ్రైవర్ లోపలే నిలబడిపోతాది. ఆ వీఐపీ పనినే డీపీసీ అంటారు, ఒక్కోటి 100 మైక్రోసెకన్లు దాటకూడదని డ్రైవర్లు రాసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ చెప్పే లెక్క.

ఎవరు నిలబడిపోయినారో చూసేదానికి లేటెన్సీమాన్ అని సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంట్లో వాడుకునేదానికి ఫ్రీ. స్టార్ట్ కొట్టి, గేమ్ విండో మోడ్‌లో పెట్టి ఒక పావుగంట ఆడు, తర్వాత డ్రైవర్స్ అనే ట్యాబ్‌లో ఎక్కువ టైము తీసుకున్నది పైకి వచ్చేటట్టు పెట్టుకొని చూడు. అప్పుడప్పుడు నాలుగైదు వందల మైక్రోసెకన్లు కనిపిస్తే కంగారు పడొద్దు, వేలల్లో పదే పదే పోతా ఉంటేనే సమస్య. ఎన్‌డీఐఎస్ అని పైన ఉంటే నెట్‌వర్క్ వైపు, వైఫై కార్డో ల్యాన్ డ్రైవరో. ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అని నోరు తిరగని పేరుంటే ఎన్‌విడియా డ్రైవర్. స్టోర్‌పోర్ట్ అంటే డిస్కు వైపు. ఇంకో రెండు పేర్లు, డీఎక్స్‌జీకెర్నెల్, డబ్ల్యూడీఎఫ్ 01000, ఇవి విండోస్‌వే, వీటి పేరు మీద వేరే డ్రైవర్ల పని కూడా లెక్కలోకి వస్తాది, కాబట్టి వీటిని చూసి విండోస్ పాడైంది అనుకోవద్దు.

అనుమానం వచ్చిన డివైస్‌ని డివైస్ మేనేజర్‌లో డిసేబుల్ చేసి మళ్లీ అదే పావుగంట ఆడు. వైఫై ఆపితే చప్పుడు పోయిందనుకో, ఆ వైఫై డ్రైవర్ కొత్తదో పాతదో మార్చి చూడు, లేకుంటే ల్యాన్ వైరు లాగేసుకో, గేమింగ్‌కి ఎట్లాగూ అదే మేలు. ఎన్‌విడియా అయితే డీడీయూ అనే డ్రైవర్ తీసేసే సాఫ్ట్‌వేర్‌తో మొత్తం తుడిచేసి డ్రైవర్ ఒక్కటే ఎక్కించు. బోర్డు కంపెనీ వాళ్లు కలిపి ఇచ్చే ఆడియో ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్, రంగుల లైట్ల సాఫ్ట్‌వేర్, ఇవి నా చేతికొచ్చిన మిషన్లలో శానావాటికి మొదట పీకేసేవి, పీకేస్తే ఎవురూ వాటికోసం మళ్లీ అడగలేదు. పవర్ ప్లాన్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఉంటాది, ఆపేయ్. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌ల ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ కింద, కరెంటు మిగిల్చేదానికి ఈ డివైస్ ఆపొచ్చు అనే టిక్కు తీసేయ్.

సౌండ్ సెట్టింగుల్లో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆఫ్, ఫార్మాట్ 24 బిట్ 48000. అంతే, ఆడ ఇంక గెలకొద్దు.

మౌస్ పోలింగ్ రేటు, అంటే మౌస్ సెకండుకు ఎన్నిసార్లు తన కదలిక చెప్తాదో, అది ఎంత పెట్టినావో నువ్వు చెప్పలేదు. 1000 అంటే మిల్లీ సెకండుకు ఒకసారి, చాలు. కొత్త మౌసుల్లో 8000 వస్తా ఉంది, పెట్టుకుంటే సెకండుకు 8000 సార్లు ప్రాసెసర్‌ని పిలిచినట్టు, కొన్ని గేముల్లో మౌస్ తిప్పినప్పుడల్లా ఫ్రేములు పడిపోతాయి, అది చూసి మళ్లీ గ్రాఫిక్స్ కార్డు మీద అనుమానం. ప్రాసెసర్ వంద శాతం నడస్తా ఉన్నా సౌండ్ పగలతాది, ఆడియోకి టైము చిక్కదు గాబట్టి. మానిటర్ 144 హెర్ట్జ్ అయితే ఫ్రేములు 140 దగ్గర లాక్ చేసి చూడు, ఒక్క ఆ పనితో చప్పుడు ఆగిపోయిన మిషన్లు ఉండాయి.

కీలు పడకపోయేది చూద్దాం, ఇది పూర్తిగా వేరే సంగతి అనిపిస్తా ఉంది. ఆటలో కుడి పక్క షిఫ్ట్ 8 సెకన్లు ఒత్తి పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అనేది ఆన్ అయిపోతాది, అడుగుతాది గానీ గేమ్ తొందర్లో ఎంటర్ కొట్టేసి ఉంటావు. అది ఆన్ అయితే చిన్నగా నొక్కిన కీలు లెక్కలోకే తీసుకోదు. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్ లోపలికి పోయి స్టిక్కీ, ఫిల్టర్ రెండూ, వాటి షార్ట్‌కట్‌లతో సహా ఆఫ్ చెయ్యి. అప్పటికీ కొన్ని కీలు కలిపి నొక్కినప్పుడే, డబ్ల్యూ, ఏ, స్పేసు మూడూ కలిపినప్పుడు మూడోది పడకపోతే అది కీల కింద రబ్బరు పొర ఉండే మామూలు మెంబ్రేన్ కీబోర్డు తీరే, పాడైంది కాదు, లోపల వైరింగే అట్ల ఉంటాది. ఎన్-కీ రోల్‌ఓవర్, అంటే ఎన్ని కీలు కలిపి నొక్కినా పట్టేది, ఉండే కీబోర్డు కొనేదాకా అట్లే. మౌస్ ఒక క్లిక్కుకు రెండు పడతా ఉంటే లోపల స్విచ్ అరిగిపోయింది, డ్రైవర్లు మార్చి టైము వేస్టు చేసుకోవద్దు. కంట్రోలర్ వాడితే, ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడతా ఉంటే స్టీమ్ ఇన్‌పుట్ ఆపి చూడు, గేమూ స్టీమూ రెండూ ఒకే బటన్‌ని చదవతా ఉంటాయి.

ఇంక క్యాబినెట్ జిల్లుమనేది. దీన్ని నువ్వు చివర్లో ఒక్క లైన్‌లో రాసినావు గానీ నాకు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. మిషన్‌కి కరెంటు ఇచ్చే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, దాని లోపల కరెంటు శబ్దాన్ని ఎర్త్‌లోకి పంపేదానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఎర్త్ సరిగ్గా లేకపోతే ఆ కరెంటు పోయేదానికి దారి లేక క్యాబినెట్ మీదే ఉండిపోతాది, మీటర్ పెట్టి చూస్తే 230లో సగం, వంద వోల్టుల పైన చూపిస్తాది. కరెంటు శానా తక్కువ కాబట్టి జిల్లుమని వదిలేస్తాది. ఆ శబ్దం మాత్రం హెచ్‌డీఎంఐ వైరు, యూఎస్‌బీ వైరు, హెడ్‌సెట్ వైరు, ఏది దొరికితే దాంట్లోంచి పోయేదానికి చూస్తాది. స్విచ్ వేసినప్పుడో కింద ఇంట్లో మోటార్ ఆన్ చేసినప్పుడో యూఎస్‌బీ ఊడిపోయే మిషన్లు శానా వరకు ఇవే. సాయంత్రం ఎక్కువ అనేదానికి రెండో కారణం ఇదని నా అనుమానం, ఆ టైముకే నీళ్ల మోటార్లు, ఏసీలు, గ్రైండర్లు అన్నీ పడతాయి గదా.

ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి నీ రూములో ప్లగ్‌లోనే మీటర్ పెట్టి చూడమను. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 దరిదాపుల్లో రావాల, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకంటే ఎక్కువ ఉండకూడదు. పాత ఇళ్లలో మేడ మీద వేసిన రూములకు ఎర్త్ వైరు పైకి లాగకుండానే మూడు పిన్నుల సాకెట్ బిగించేసి ఉంటారు, చూసేదానికి మూడు రంధ్రాలూ ఉంటాయి. వైరు ఉండి కూడా తక్కువ చూపిస్తే కింద ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటాది, మనది కొండ కింద రాతి నేల, ఎండాకాలంలో తడి ఆరిపోతే ఎర్త్ పనిచెయ్యదు, ఓనర్‌తో చెప్పి ఉప్పు బొగ్గు వేయించి నీళ్లు పోయించు. ఎవరైనా సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకు కలిపేస్తాం, జిల్లు పోతాది అంటే ఒప్పుకోవద్దు, ఆ న్యూట్రల్ యాడన్నా తెగిందంటే క్యాబినెట్ మీదికి పూర్తి 230 వస్తాది. టూ పిన్ కన్వర్టర్ వాడతా ఉంటే ఈ రోజే తీసి పారెయ్.

ఇన్వర్టర్ మీద కూడా ఆడతానన్నావు. అది స్క్వేర్ వేవ్‌దా సైన్ వేవ్‌దా చూడు. స్క్వేర్ వేవ్ అయితే మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కూడా గుయ్‌మని అరుస్తాయి, స్పీకర్‌లో ఆ గుయ్ వినపడతాది, దానికి ట్రీట్‌మెంట్ లేదు, మిషన్ మీద లోపం కూడా కాదు. సైన్ వేవ్ అయితే వెనకాల యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటాది, దాంట్లో పెట్టు, మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు మారేదానికి ఎక్కువ టైము పడతాది, ఎస్‌ఎంపీఎస్ పట్టుకోగలిగేది ఫుల్ లోడ్ మీద సుమారు 16 మిల్లీ సెకన్లే.

ఫ్రెండ్‌తో మాట్లాడేటప్పుడు సౌండ్ పాత రేడియో మాదిరి అయిపోతాది అని కింద కామెంట్లలో ఇంకో తమ్ముడు అడిగినాడు, నీది బ్లూటూత్ హెడ్‌సెట్ అయితే అది రోగం కాదు నైనా, మైక్ ఆన్ చెయ్యంగానే బ్లూటూత్ హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌కి మారి స్టీరియో పోతాది. మైక్‌కి వేరే వైరు మైక్ పెట్టుకో, హెడ్‌సెట్ ఉత్తగా వినేదానికి మాత్రం ఉంచు.

ఇవన్నీ అయినాక కూడా ఆగకపోతే బయాస్‌లో ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆపి ర్యామ్‌ని మామూలు స్పీడులో ఒక రోజు నడిపి చూడు, తర్వాత ఎవరి దగ్గరన్నా మంచి ఎస్‌ఎంపీఎస్ అడుక్కొని మార్చి చూడు. అది కూడా అయినాకే బోర్డు మీదికి రావాల. అప్పుడు కంప్యూటర్ సామాన్లు అమ్మే చెన్నై రిచీ స్ట్రీట్‌కి బస్సెక్కే ముందు ఆ ఫ్రెండ్ దగ్గర పాత బిల్లు ఉండాదేమో అడుగు, బోర్డులకు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటాది, సీరియల్ నెంబర్‌తో ఇంకా మిగిలి ఉంటే కొత్తది కొనే పనే లేదు. షాపుకు పోయేటప్పుడు ఆ రాసుకున్న పేపరు, లేటెన్సీమాన్ స్క్రీన్‌షాట్, బయాస్ వెర్షన్ మూడూ తీసుకొని పో.